ఎవరో ఒకరు చేస్తారులే

తెలుగులో నడిచే కంప్యూటరును మన చేతిలోంచి ఎవరూ లాక్కోలేదు. ఈ మాట ముందే చెప్పుకోవాలి. భాషకు ఏదైనా నష్టం జరిగిందనగానే మనం దొంగ కోసం వెతుకుతాం కాబట్టి. ఇంగ్లీషు పెత్తనమనో, పెద్ద కంపెనీల స్వార్థమనో, ప్రభుత్వాల నిర్లక్ష్యమనో అనేసి ఊరుకుంటాం. అందులో నిజం లేదనను. కానీ లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ దగ్గరికి వచ్చేసరికి ఆ సాకులేవీ నిలవవు. అది ఉచితం, దాని సోర్స్ కోడ్ అందరి ముందూ ఉంది. అందులో తెలుగు పెట్టడానికి ఎవరినీ అడగక్కర్లేదు, ఎవరికీ రుసుము కట్టక్కర్లేదు. ఆ పనికి కావలసిన చదువా, అది మనకు కావలసినంత ఉంది. హైదరాబాదులోనైనా డల్లాస్‌లోనైనా సాఫ్ట్‌వేర్ ఆఫీసులో తెలుగు వినపడని అంతస్తు వెతికితే గానీ దొరకదు. అయినా పని జరగలేదు. చేయవలసినవాళ్ళం మేమే, చేయనిదీ మేమే. మేమంటే తెలుగు ప్రోగ్రామర్లం.

మాది యానాం. ఉంటున్నది అరియాంకుప్పంలో, పుదుచ్చేరి నుంచి కడలూరు పోయే రోడ్డు మీద. ఇటువైపు తెలుగువాళ్ళు రెండు రకాలు. చదువుకో ఉద్యోగానికో యానాం నుంచి రాత్రంతా బస్సులో కూర్చుని వచ్చిన మాలాంటివాళ్ళం ఒక రకం. తరాల కిందటే వచ్చి, ఇంట్లో తెలుగు, బయట తమిళం మాట్లాడుకుంటూ బతుకుతున్నవాళ్ళు రెండో రకం. ఆ రెండో రకం ఇళ్ళలో మాట మిగిలింది, అక్షరం పోయింది. అమ్మమ్మతో తెలుగులో మాట్లాడే పిల్లకు ఆ తెలుగు ఎలా రాస్తారో తెలియదు. బడిలో తెలుగు లేని పిల్లకు అక్షరం కనబడే చోటంటూ ఉంటే అది ఫోనూ కంప్యూటరే. తెర మీద ఏ అక్షరం కనబడాలో నిర్ణయించే వృత్తిలో ఉన్నది మేం. ఇంత దగ్గర్లో ఇంత అవసరం పెట్టుకుని కూడా మాకు అది మా పని అనిపించలేదు.

మొదట్లో అలా లేదు. అలా లేదనడం కూడా కొంచెం మమ్మల్ని మేం మెచ్చుకోవడమేనేమో. అయినా ఉత్సాహం నిజమే. 2004 అక్టోబరులో ఉబుంటు అనే లినక్స్ రకం వచ్చింది. అడ్రసు ఇస్తే చాలు, పైసా తీసుకోకుండా సీడీలు పోస్టులో పంపేవారు. 2011 దాకా పంపారు. నెట్ కేఫ్‌లో గంటకింత కట్టే రోజుల్లో అంత పెద్ద ఫైలు దించుకోవడం మావల్ల అయ్యే పని కాదు. ‘లినక్స్ ఫర్ యూ’ పత్రికతో వచ్చే డిస్కు కోసం ఎదురుచూసేవాళ్ళం, ఒకడు కొంటే హాస్టలంతా కాపీ చేసుకునేది. ఆ రోజుల్లోనే, 2005లో, హైదరాబాదులో స్వేచ్ఛ సంస్థ తెలుగు ఆపరేటింగ్ సిస్టమ్ తెచ్చింది. పిల్లల కోసం బాల స్వేచ్ఛ అని మరొకటి తయారుచేసింది. ఆ పనిలో ఎక్కువభాగం చేసింది ఇంజనీరింగు విద్యార్థులు. 2007లో ప్రభుత్వ సంస్థ సీ-డాక్ చెన్నై వాళ్ళు డెబియన్ అనే లినక్స్ రకం మీద కట్టిన బాస్ లినక్స్ వచ్చింది, అందులోనూ తెలుగు ఉంది. తిరుమల కృష్ణ దేశికాచారి పోతన, వేమన ఫాంట్లు ఉచితంగా ఇచ్చారు. వీవెన్ తెలుగు టైపు చేసుకునే లేఖిని ఇచ్చారు. రెడ్ హ్యాట్ నుంచి లోహిత్ తెలుగు ఫాంటు వచ్చింది. తర్వాత సిలికానాంధ్ర పూనికతో మండలి, సూరన్న, గిడుగు లాంటి ఫాంట్లు వచ్చాయి. అంటే పునాది వేసినవాళ్ళు వేశారు. మేం దాని మీద నిలబడి ఫొటో దిగాం.

ఒక ప్రోగ్రాము తెలుగులో కనబడడమంటే వెనక జరిగేది చాలా మామూలు పని. మెనూలోనూ హెచ్చరికల్లోనూ వచ్చే ప్రతి ఇంగ్లీషు వాక్యం ఒక ఫైల్లో ఒక వరుస. దాని కింద తెలుగు వాక్యం రాయాలి. రాయకపోతే ఇంగ్లీషే కనబడుతుంది. అసలు చిక్కు ఆ తర్వాత మొదలవుతుంది. గ్నోమ్ అనే లినక్స్ డెస్క్‌టాప్ కొత్త వెర్షన్ ఆరు నెలలకొకసారి వస్తుంది. ఇంగ్లీషు వాక్యం కాస్త మారితే చాలు, దాని కింది తెలుగు వాక్యానికి ‘మళ్ళీ చూడాలి’ అన్న గుర్తు పడుతుంది. ఎవరైనా చూసి సరేననేదాకా అక్కడ ఇంగ్లీషే వస్తుంది. కొత్త మెనూలు కొత్త ఖాళీలు తెస్తాయి. అంటే తెలుగును ఎవరూ చెరపనక్కర్లేదు. ఊరకే వదిలేస్తే చాలు, ఏడాదికింత చొప్పున అదే అరిగిపోతుంది. నూటికి ఎనభై వంతులు నిండితేనే గ్నోమ్ ఒక భాషకు మద్దతు ఉన్నట్టు లెక్కవేస్తుంది.

విద్యార్థులు సెలవుల్లో శిబిరాల్లో కూర్చుని వేల వరుసలు నింపారు. నాలుగేళ్ళకు చదువు అయిపోయింది, ఉద్యోగాలొచ్చాయి. వెళ్ళిపోయారు అని రాయబోయాను గానీ, అది వేరేవాళ్ళ గురించి చెప్పినట్టు ఉంటుంది. వెళ్ళిపోయాం. వెళుతూ ఎవరికీ అప్పగించలేదు. మొదటి జీతం వచ్చిన నెలలో కొత్త షూ కొనుక్కోవడం గుర్తుంది గానీ, సగంలో ఉన్న ఫైలు గుర్తులేదు. కొన్ని భాషల్లో ఒకరిద్దరు పట్టువదలనివాళ్ళ వల్ల పని నిలబడింది. మనలోనూ అలాంటివాళ్ళు లేకపోలేదు. వాళ్ళను ఒంటరిగా వదిలేశాం, అప్పుడప్పుడు మెచ్చుకున్నాం. మెచ్చుకుంటే మా వాటా తీరిపోయినట్టే అనుకున్నాం.

నేనే ఇంగ్లీషు తెర పెట్టుకుంటాను. కారణం అడిగితే మంచిదే చెప్పగలను. ఏదైనా తప్పు వచ్చినప్పుడు ఆ సందేశం ఇంగ్లీషులో ఉంటేనే వెతికితే జవాబు దొరుకుతుంది. ఇది నిజం, అబద్ధం కాదు. కాకపోతే జవాబులు తెలుగులో ఎందుకు లేవంటే మేం రాయలేదు కాబట్టి. మేం ఎందుకు రాయలేదంటే వెతికేవాళ్ళు ఇంగ్లీషులో వెతుకుతున్నారు కాబట్టి. ఇలా రెండు చివరలూ మా దగ్గరే పెట్టుకుని మధ్యలో పరిస్థితిని నిందించాం. ఇక మెనూలో తెలుగు గట్టిగా, పుస్తకాల భాషలా ఉందని ఎంత నవ్వుకున్నామో లెక్కలేదు. తెర ఫొటో తీసి స్నేహితులకు పంపి నవ్వుకున్నాం. ఫొటో పంపడానికి పట్టిన సమయంలోనే ఆ వాక్యాన్ని దిద్దవచ్చు. దిద్దలేదు. ఏ తర్జుమా అయినా వాడగా వాడగా దిద్దగా దిద్దగా మెత్తబడుతుంది. మేం వాడలేదు, దిద్దలేదు, గట్టిగా ఉందని మాత్రం చెప్పాం.

పత్రికల్లో, ప్రెస్సుల్లో, పెళ్ళి శుభలేఖల షాపుల్లో ఇంకో కథ నడిచింది. అక్కడ పేజ్‌మేకరూ ‘అను’ ఫాంట్లూ ఉండేవి. ఆ ఫాంట్లతో కొట్టిన తెలుగు కాగితం మీద చూడ్డానికి చక్కగా ఉంటుంది, కంప్యూటరుకు మాత్రం అది తెలుగని తెలియదు. యూనికోడ్‌లో తెలుగుకు 1991 నుంచే చోటుంది. అయినా ఏళ్ళ తరబడి మన పుస్తకాలు, వ్యాసాలు ఆ పాత పద్ధతిలోనే కంపోజయ్యాయి. వెతికితే దొరకవు, వేరేచోట అతికిస్తే గజిబిజి అక్షరాలవుతాయి. డీటీపీ చేసే అన్నను తప్పుపట్టడానికి లేదు. ఆయనకు ఆ కీబోర్డు మీద చేతివేగం ఉంది, సాయంత్రానికి పేజీలు ఇవ్వాలి. లినక్స్‌లో అంతే వేగంగా, అంతే అందంగా పని జరిగే పేజీ తయారీ సాధనాన్ని ఆయన ముందు పెట్టవలసింది మేం. ఆ షాపు ముందు నుంచే రోజూ ఆఫీసుకు పోయేవాళ్ళం. ఆయన కంప్యూటరు మొరాయిస్తే మేమే పైరసీ విండోస్ సీడీ పట్టుకెళ్ళి ఎక్కించి, టీ తాగి వచ్చేవాళ్ళం. సాయం చేశామనే అనుకున్నాం. నిజానికి ఆరోజుకు సాయమే.

మరి ఇన్నేళ్ళూ మేం లినక్స్ గురించి ఏం మాట్లాడుకున్నట్టు? ఏ డిస్ట్రో, అంటే ఏ రకం లినక్స్, గొప్పదని. డెబియన్ పాతబడిన ప్యాకేజీలతో నడుస్తుందని ఒకడు, ఉబుంటు మూలాన్నే మరిచిపోయిందని ఇంకొకడు, ఆర్చ్ వాడనివాడికి లినక్స్ రాదని మరొకడు. 2015లో డెబియన్, కంప్యూటరును లేపి నడిపే పనిని సిస్టమ్‌డీ అనే సాధనానికి అప్పగించినప్పుడు ఆ గొడవను సొంత ఆస్తి తగాదాలా మోశాం. నాకూ అభిప్రాయాలున్నాయి, ఇప్పటికీ ఉన్నాయి. 1993 నుంచి ఏ ఒక్క కంపెనీ సొత్తూ కాకుండా స్వచ్ఛంద కార్యకర్తలే నడుపుతున్న డెబియనే నాకు నమ్మకమైనది. కొత్తవాళ్ళకు మింట్ తేలిక. సర్వర్ల లోకంలో రెడ్ హ్యాట్ కుటుంబం బలం కాదనలేం. కానీ ఈ అభిప్రాయాలకు నేను చెల్లించిన ధర ఏమీ లేదు. నేను మెచ్చే డెబియన్‌లో ఒక్క ప్యాకేజీని నేను చూసుకోవడం లేదు. అన్నం వండనివాడు వంట మీద తీర్పు చెప్పినట్టు చెప్పాను, నాతోపాటు చెప్పినవాళ్ళలో చాలామందీ అంతే. ఏ డిస్ట్రో అన్న ప్రశ్న కన్నా దాన్ని చూసుకునే మనిషి మన చుట్టుపక్కల ఒక్కరైనా ఉన్నారా అన్న ప్రశ్న పెద్దదని ఇప్పుడు అనిపిస్తోంది. అనిపించడానికి ఇంత కాలం పట్టింది.

2020 డిసెంబరులో, సర్వర్ల మీద ఉచితంగా వాడుకునే సెంటోస్ 8ను మరుసటి ఏడాది చివరితోనే ఆపేస్తామని రెడ్ హ్యాట్ ప్రకటించింది. 2029 దాకా ఉంటుందని నమ్ముకున్న ఆఫీసులు గగ్గోలు పెట్టాయి. మేమూ పెట్టాం. నమ్మకద్రోహమన్నాం. ఆ కోపంలో న్యాయం ఉంది, కాదనను. అయితే అన్నేళ్ళు సెంటోస్ మీద జీతాలు తీసుకున్న మేం దానికి డబ్బు ఇవ్వలేదు, పని ఇవ్వలేదు, చివర్లో కోపం మాత్రం ఇచ్చాం. 2014లో ఓపెన్ఎస్ఎస్ఎల్ అనే భద్రతా లైబ్రరీలో హార్ట్‌బ్లీడ్ లోపం బయటపడ్డప్పుడు ప్రపంచంలో ఎన్నో వెబ్‌సైట్ల భద్రత గుప్పెడుమంది మీద ఆధారపడి ఉందని తెలిసి ఆశ్చర్యపోయాం. తర్వాత మరచిపోయాం. 2024 మార్చిలో ఎక్స్‌జెడ్ ఉదంతం వచ్చింది. ఏళ్ళ తరబడి ఆ చిన్న కంప్రెషన్ లైబ్రరీని చూసుకుంటున్న లాసే కాలిన్ అలసిపోయి ఉన్నాడు. సాయం చేస్తానని వచ్చిన మారుపేరు మనిషి మెల్లగా నమ్మకం సంపాదించి అందులో దొంగదారి పెట్టాడు. ఎస్ఎస్‌హెచ్ లాగిన్ అర సెకను ఆలస్యమవుతోందని అనుమానం వచ్చి ఆండ్రెస్ ఫ్రాయిండ్ తవ్వి చూశాడు కాబట్టి బయటపడింది. అప్పటికే అది డెబియన్ పరీక్షా శాఖల్లోకి వచ్చేసింది. ఆ వారం మా గ్రూపుల్లో ఎన్ని సందేశాలు! అలసిపోయిన ఆ మనిషికి అంతకుముందు ఎవరైనా చేయందించారా అన్న ప్రశ్న మాత్రం ఎవరూ వేయలేదు. వేస్తే తర్వాతి ప్రశ్న మా మీదికి వస్తుంది.

ఇదంతా మా పరిశ్రమ సంస్కృతి అనేస్తే తేలిగ్గా ఉంటుంది. ఆ సంస్కృతిని పెంచింది ఎవరు? హైదరాబాదు అమీర్‌పేటలో లినక్స్ నేర్చుకున్నాం. మైత్రీవనం చుట్టూ జిరాక్సు నోట్సు కొనుక్కుని, సర్టిఫికెట్ పరీక్షకు వచ్చే ప్రశ్నలు బట్టీ పట్టాం. ఆ నోట్సు లేకపోతే నాలాంటి పల్లె పిల్లలకు ఉద్యోగాలే లేవు, కాబట్టి దాన్ని తిట్టే హక్కు నాకు లేదు. కానీ లినక్స్ మాకు ఉద్యోగంలోకి తోవ అయింది, తోవ దాటాక వెనక్కి చూడలేదు. మా కంపెనీ ఒప్పందం బయటి ప్రాజెక్టుల్లో పనిచేయడానికి అనుమతి తీసుకోవాలంటుందని చెప్పుకునేవాళ్ళం. అది నిజమే. అనుమతి అడిగినవాళ్ళం ఎంతమందిమి? అడిగితే ఇచ్చేవారేమో. ఇస్తే చేయాల్సి వస్తుందని అడగలేదేమో.

ఇవ్వడం మొదలుపెట్టినప్పుడైనా సరిగా ఇచ్చామా? 2020 అక్టోబరులో హాక్టోబర్‌ఫెస్ట్ అనే కార్యక్రమంలో ఓపెన్ సోర్స్ ప్రాజెక్టులకు నాలుగు మార్పులు పంపితే టీషర్టు ఇస్తామన్నారు. దాని కోసం పనికిరాని మార్పులు వేలకొద్దీ ప్రాజెక్టుల మీదికి వచ్చిపడ్డాయి. ఒక ఫైల్లో ‘అద్భుతమైన’ అన్న విశేషణం చేర్చి పంపినవీ ఉన్నాయి. పంపినవాళ్ళలో మన దేశపు విద్యార్థులు చాలామంది. నిర్వాహకులు నెల మొదట్లోనే నియమాలు మార్చి, ఒప్పుకున్న ప్రాజెక్టులకే వర్తిస్తుందన్నారు. పిల్లలను చూసి తలదించుకున్నాం. రెజ్యూమెలో ఓపెన్ సోర్స్ అన్న మాట ఉంటే బాగుంటుందని ఆ పిల్లలకు చెప్పిన సీనియర్లం మేమే. ఆ మాట వెనక ఏ పని ఉండాలో చెప్పలేదు. మాకూ తెలియదు కాబట్టి.

ఇరుగుపొరుగును చూస్తే సిగ్గు ఇంకా పెరుగుతుంది. కేరళ ప్రభుత్వ బడుల్లో పిల్లలు ఏళ్ళుగా స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ మీదే కంప్యూటరు నేర్చుకుంటున్నారు. దానికి తగ్గ సొంత ఆపరేటింగ్ సిస్టమ్‌ను అక్కడి కైట్ సంస్థ తయారుచేస్తుంది. 2023 సెప్టెంబరులో డెబియన్ ప్రపంచ సమావేశం మన దేశంలో మొట్టమొదటిసారి జరిగితే అది కొచ్చిలో జరిగింది. అంత దూరం ఎందుకు, ఇక్కడ బస్సెక్కితే చేరే విల్లుపురంలో అదే ఏడాది జనవరిలో మినీ డెబ్‌కాన్ఫ్ అనే చిన్న డెబియన్ సమావేశం జరిగింది. ఏర్పాటు చేసింది ఆ ఊరి లినక్స్ సంఘం. పుదుచ్చేరిలోనే ఫ్రీ సాఫ్ట్‌వేర్ హార్డ్‌వేర్ మూవ్‌మెంట్ అని ఒక సంఘం ఉంది. ఈ తమిళ కుర్రాళ్ళేమీ మాకన్నా తీరిక ఉన్నవాళ్ళు కారు, పెద్ద కంపెనీల పిల్లలూ కారు. విల్లుపురం ఏ లెక్కన చూసినా హైదరాబాదు కాదు. మేం తమిళవాళ్ళకు భాషాభిమానం ఎక్కువని ఒక మాట అనేస్తాం. అభిమానమంటే ఏదో పుట్టుకతో వచ్చే రక్తపు గ్రూపు అయినట్టు! వాళ్ళు వారానికొకసారి కలిసి కూర్చుంటారు, అంతే. మేం కూర్చోలేదు.

2018 ఫిబ్రవరిలో ప్రపంచమంతా మన అక్షరం గురించి మాట్లాడుకుంది. ‘జ్ఞా’ అన్న తెలుగు అక్షరం, మధ్యలో కంటికి కనబడని ఒక విభజన గుర్తుతో కలిసి, ఐఫోనుకు సందేశంగా వస్తే ఫోను కుప్పకూలేది. ఆ నెల 19న ఆపిల్ సవరణ ఇచ్చింది. మేం జోకులు వేసుకున్నాం, మన భాష బలం చూడండన్నాం. తర్వాత ఒకనాడు ఆలోచిస్తే భయమేసింది. ‘జ్ఞా’ అంటే ఏ మూలో దాక్కున్న అక్షరం కాదు, జ్ఞానంలో ఉంది, జ్ఞాపకంలో ఉంది. ఇన్ని లక్షలమంది తెలుగు ఇంజనీర్ల చేతుల్లో ఐఫోన్లున్నాయి. కొత్త వెర్షన్లు విడుదలకు ముందే వేసుకుని చూసేవాళ్ళూ ఉన్నారు. ఆ ఒక్క అక్షరాన్ని రకరకాలుగా వాళ్ళలో ఒకరు కొట్టి చూసి, తప్పు రాసి పంపి ఉంటే సరిపోయేది కదా. ఎవరైనా పంపారేమో, పంపినా పట్టించుకోలేదేమో, అది నాకు తెలిసే వీల్లేదు. నాకు తెలిసింది నా సంగతి, నా చుట్టూ ఉన్నవాళ్ళ సంగతి. మేం ఇంట్లోవాళ్ళకు కూడా ఇంగ్లీషు అక్షరాల్లోనే తెలుగు కొట్టి పంపుతాం.

నేనుండే అరియాంకుప్పం పక్కనే అరికమేడు. 1945లో మార్టిమర్ వీలర్ తవ్విన చోటు. రోమన్ జాడీల ముక్కల కన్నా నన్ను ఎక్కువగా ఆకట్టుకున్నవి అక్కడి గాజుపూసలు. కరిగిన గాజును సన్నని గొట్టంలా లాగి ముక్కలు కోసే ఆ పద్ధతి తిరుపతి దగ్గర పాపానాయుడుపేటలో మన కాలం దాకా నడిచింది. పూసల చరిత్ర పరిశోధించిన పీటర్ ఫ్రాన్సిస్ ఈ రెంటినీ కలిపి చూశాడు. రెండు వేల ఏళ్ళు ఒక పనితనం బతికిందంటే దాన్ని ఎవరూ మ్యూజియంలో దాచలేదు, దాని మీద గర్వపడుతూ సభలూ పెట్టలేదు. తండ్రి కొలిమి దగ్గర కూర్చుంటే కొడుకు పక్కన కూర్చున్నాడు. తెలుగు కంప్యూటరు పని రెండు తరాల విద్యార్థుల్ని కూడా దాటలేదు. మా తర్వాత ఎవరు అన్న ప్రశ్న మేం కొలిమి దగ్గరున్నప్పుడే వేసుకోవలసింది.

ఇప్పుడు ఏమైనా చేయవచ్చా? చేయవచ్చు. ఫైళ్ళు ఎక్కడికీ పోలేదు. ఏ ప్రోగ్రాములో ఎన్ని తెలుగు వరుసలు నిండాయో, ఎన్ని ఖాళీగా ఉన్నాయో గ్నోమ్‌లోనైనా కేడీఈ అనే మరో డెస్క్‌టాప్‌లోనైనా ఎవరైనా చూసుకోవచ్చు. ఒక మనిషి ఆదివారం పొద్దున్న కూర్చుంటే చిన్న ప్రోగ్రాము ఒకటి పూర్తవుతుంది. అది పెద్ద త్యాగమేమీ కాదు, అందుకే ఇన్నేళ్ళు చేయకపోవడానికి సాకు దొరకడం లేదు.

అయినా ఒక అనుమానం పోదు. అంతా నింపితే వాడేదెవరు? యానాం ఆఫీసులో గుమాస్తా వాడతాడా? అరియాంకుప్పంలో అక్షరం రాని ఆ పిల్ల చూస్తుందా? కంప్యూటరే పక్కకు పోయి అంతా ఫోన్లో, అదీ గొంతుతో జరుగుతున్న రోజుల్లో ఈ మెనూలు ఎవరికి? ఎవరికీ అక్కర్లేదేమో. కానీ ఆ ఫోన్లలో ఎక్కువ వాటి లోపలా ఉన్నది లినక్సే. మాట విని రాసే యంత్రాలకూ ముందు ఎవరో సరైన తెలుగు రాసి పెట్టాలి. ఎవరూ వాడరన్న ఈ అనుమానం మొదటి సీడీ నాడూ ఉంది, అది తీరాక మొదలుపెడదామని ఆగాం. అది తీరలేదు, తీరేదీ కాదు. ఈసారి దాన్ని వెంటబెట్టుకునే పనిలో కూర్చోవాలి. కూర్చున్నాక లేచి పోయే రోజు వస్తే, పక్కన ఇంకొకరు కూర్చున్నారో లేదో చూసుకుని మరీ లేవాలి.